మూడు జవాబులు, ఒకే తప్పుడు సూత్రం: వర్గమూల సమీకరణాలపై ఒక కేస్ స్టడీ

ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న ఒక అమ్మాయిని వాళ్ల నాన్నగారు నా దగ్గరికి తీసుకొచ్చారు. లెక్కలు రాక కాదు. లెక్కలు వస్తాయి, మార్కులే రావడం లేదు. కారణాంకాలు విడగొట్టడంలో ఆమె చేతికి మంచి వేగం ఉంది, కాగితం మీద కొట్టివేతలు కూడా తక్కువ. "అన్నీ నిర్లక్ష్యపు తప్పులేనండీ" అన్నారాయన. కాలేజీలోనూ అదే మాట చెప్పారట. ఆ నిర్ధారణ మీద నాకు ఎప్పుడూ పెద్ద నమ్మకం ఉండదు. నిర్లక్ష్యం వల్ల వచ్చే తప్పులు కాగితమంతా చెల్లాచెదురుగా పడతాయి. ఈ అమ్మాయి తప్పులు వర్గమూలం గుర్తు ఉన్న లెక్కల దగ్గరే పోగుపడ్డాయి. ఒకే చోట పదేపదే జరిగే తప్పు వెనుక సాధారణంగా ఏదో ఒక నమ్మకం ఉంటుంది.

ఆ నమ్మకం ఏమిటో బయటికి లాగడానికి మూడు లెక్కలు ఇచ్చాను. చూడటానికి మూడూ ఒకే అచ్చులో ఉంటాయి:

√(6 − x) = x
√(x + 7) = x − 5
√(3 − 2x) = −x

పెన్నుతోనే చేయమన్నాను, ఏదైనా మార్చాలంటే కొట్టేసి పక్కన రాయమన్నాను. విద్యార్థి రబ్బరుతో చెరిపేసేది చాలాసార్లు మనకు కావలసిన సమాచారమే.

మొదటి లెక్కలో రెండు వైపులా వర్గం చేసి x² + x − 6 = 0 తెచ్చింది. మూలాలు 2, −3. "−3 రుణాత్మకం, కాబట్టి తీసుకోకూడదు" అని రాసి 2ను గడిలో పెట్టింది. జవాబు సరైనదే.

రెండో లెక్కలో x + 7 = x² − 10x + 25, అంటే x² − 11x + 18 = 0. మూలాలు 9, 2. రెండింటినీ జవాబుగా ఇచ్చింది. నిజానికి 2 పనికిరాదు. ఎడమ వైపు √9, అంటే 3 వస్తుంది. కుడి వైపు 2 − 5, అంటే −3.

మూడో లెక్కలో 3 − 2x = x², మూలాలు 1, −3. "−3 రుణాత్మకం" అని మళ్లీ కొట్టేసి, 1 జవాబు అంది. ఇక్కడ కథ పూర్తిగా తలకిందులైంది. −3 పెడితే ఎడమ వైపు √9 = 3, కుడి వైపు −(−3) = 3, చక్కగా సరిపోతుంది. 1 పెడితే ఎడమ వైపు 1, కుడి వైపు −1. ఉంచాల్సినదాన్ని తీసేసి, తీసేయాల్సినదాన్ని ఉంచింది.

ఒకటి ఒప్పు, ఒకటి సగం ఒప్పు, ఒకటి పూర్తిగా తప్పు. మార్కుల పట్టికలో ఇవి మూడు వేర్వేరు ఫలితాలు. కారణం మాత్రం మూడింటికీ ఒక్కటే: "వర్గమూల సమీకరణంలో రుణాత్మక మూలం వస్తే కొట్టేయాలి." మొదటి లెక్కలో ఈ సూత్రం అదృష్టవశాత్తూ పనిచేసింది. రెండోదానిలో కొట్టేయడానికి రుణాత్మకం ఏదీ లేదు కాబట్టి ఊరుకుంది. మూడోదానిలో ముంచింది.

బహుళైచ్ఛిక పరీక్షలు ఈ జబ్బును మరింత దాచిపెడతాయి. మూడో సమీకరణానికి "వాస్తవ సాధనల సంఖ్య ఎంత?" అని అడిగారనుకోండి. ఆమె "1" అని గుర్తు పెడుతుంది. జవాబు ఒక్కటే కాబట్టి, తప్పు మూలం చేతిలో ఉన్నా జేఈఈ మెయిన్‌లో నాలుగు మార్కులు వచ్చేస్తాయి. అందుకే ఈ అధ్యాయంలో నేను జవాబుల కీ చూసి మార్కులు వేయను, కొట్టేసిన మూలం పక్కన రాసిన కారణాన్ని చదువుతాను.

ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది

ఆమెనే అడిగాను. వెంటనే చెప్పలేకపోయింది. కాసేపటికి రెండు చోట్లు తేలాయి. మొదటిది పదో తరగతిలోని వర్గ సమీకరణాల పాఠం. అక్కడ పదసమస్యల్లో x అంటే పొడవో, వేగమో, వయసో. చివర "పొడవు రుణాత్మకం కాదు కాబట్టి" అని ఒక మూలాన్ని వదిలేయడం అలవాటవుతుంది. అక్కడ అది న్యాయమే, ఎందుకంటే x దేనికి గుర్తో మనకు తెలుసు.

రెండో చోటు ఇంకొంచెం ఆసక్తికరం. x − √x − 6 = 0 లాంటి లెక్కలో √x = t అనుకుంటాం. t² − t − 6 = 0 నుంచి t = 3 లేదా −2. వర్గమూలం రుణాత్మకం కాదు కాబట్టి −2ను వదిలేసి, x = 9 అంటాం. ఇదీ సరైనదే. కానీ ఇక్కడ రుణాత్మకం కాకూడనిది t. ఆమె మనసులో ఆ నిబంధన t నుంచి జారి xకు అంటుకుంది. రెండు సరైన పాఠాలు కలిసి ఒక తప్పుడు పాఠాన్ని కన్నాయి. ఉపాధ్యాయుడు "తప్పు" అని ఎర్రగీత పెడితే ఇది పోదు, ఎందుకంటే విద్యార్థి దగ్గర దానికి రెండు మంచి సాక్ష్యాలున్నాయి.

"మరి సరిచూశావా?" అంటే "చూశాను సార్" అంది. కాగితం తిప్పి చూపించింది కూడా. నిజంగానే చూసింది. రెండో లెక్కలో x = 2 ప్రతిక్షేపించి "2 + 7 = 9, (2 − 5)² = 9, సరిపోయింది" అని అంచున చిన్న అక్షరాలతో రాసుకుంది. ఆమె సరిచూసింది అసలు సమీకరణంలో కాదు, వర్గం చేశాక వచ్చిన రెండో పంక్తిలో. దొంగనే సాక్షిగా పిలిచినట్టు. 2ను లోపలికి తెచ్చింది ఆ పంక్తే, అక్కడ అది సరిపోక ఏమవుతుంది? "సరిచూడండి" అని చెప్పి వదిలేసే ఉపాధ్యాయులు దీన్ని గమనించాలి. సరిచూడాల్సింది మొట్టమొదటి పంక్తిలో, మూలం గుర్తు చెక్కుచెదరకుండా ఉన్న చోట.

√9 మీద పేచీ

మొదటి పంక్తిలో వేయమన్నాను. √(2 + 7) = √9 అని రాసి ఆగింది. తర్వాత "√9 అంటే ±3 కదా సార్, −3 తీసుకుంటే కుడి వైపుతో సరిపోతుంది" అంది. మంచి ప్రతిఘటన. ఇలా వాదించే విద్యార్థి దొరికితే నాకు పని సులువవుతుంది, తలూపి వెళ్లిపోయేవాళ్లతోనే కష్టం.

9కి వర్గమూలాలు రెండు, 3, −3. అందులో వివాదం లేదు. √ అనే గుర్తు మాత్రం వాటిలో రుణాత్మకం కానిదాన్నే సూచిస్తుంది. "అది ఒప్పందం" అని చెప్పి ఊరుకుంటే ఆమె ఊరుకునేలా లేదు. అందుకని వర్గ సమీకరణపు మూలాల సూత్రం రాయమన్నాను. (−b ± √(b² − 4ac)) / 2a అని గడగడా రాసింది. "√ గుర్తులోనే రెండు విలువలూ ఉంటే దాని ముందు ± ఎందుకు రాశావు?" అన్నాను. కలం ఆగింది. ఇన్నేళ్లుగా తాను రాస్తున్న సూత్రమే తన వాదనకు అడ్డం నిలిచింది. ఫోనులోని క్యాలిక్యులేటర్ తీసి √9 నొక్కి 3 చూపించవచ్చు, కానీ యంత్రం చెప్పిందని ఒప్పుకోవడానికీ తన చేతిరాతే చెప్పిందని ఒప్పుకోవడానికీ చాలా తేడా ఉంది.

గ్రాఫు కాగితం మీద

2 అనేది ఎక్కడి నుంచి ఊడిపడిందో కంటికి కనిపించాలి. గ్రాఫు కాగితం మీద y = x − 5 సరళరేఖను గీయించాను. తర్వాత y = √(x + 7). (−7, 0) దగ్గర మొదలై (−6, 1), (−3, 2), (2, 3), (9, 4) మీదుగా కుడివైపు వంగుతూ పైకి పోయే వక్రం. రేఖ దాన్ని (9, 4) దగ్గర మాత్రమే ఖండించింది. అదే కాగితం మీద y = −√(x + 7)ను చుక్కల గీతతో గీయించాను. రేఖ దాన్ని (2, −3) దగ్గర కోసింది. పై సగం, కింది సగం కలిపితే పక్కకు పడుకున్న పరావలయం, y² = x + 7.

ఆమె నోటితోనే వచ్చింది: "వర్గం చేస్తే రెండు సగాలూ కలిసిపోతున్నాయి." అంతే. √(x + 7) = x − 5 అనే సమీకరణానికి −√(x + 7) = x − 5 అనే కవల ఒకటి ఉంది. వర్గం చేయగానే ఇద్దరికీ ముఖం ఒక్కటవుతుంది, ఇద్దరి మూలాలూ ఒకే పంక్తిలోకి వస్తాయి. 2 అనేది లెక్క తప్పితే వచ్చిన చెత్త కాదు, కవల సమీకరణానికి అక్షరాలా సరైన జవాబు. a = b అయితే a² = b² తప్పకుండా అవుతుంది. a² = b² అయినంత మాత్రాన a = b కానక్కర్లేదు, a = −b కూడా కావచ్చు. వర్గం చేయడం ముందుకు మాత్రమే తెరుచుకునే తలుపు.

ఇక అసలు ప్రశ్న: "రుణాత్మకం కాకూడనిది ఏది?" మూడు లెక్కల పక్కనా ఈ ప్రశ్న రాసి జవాబు నింపమన్నాను. మొదటిదానిలో x. రెండోదానిలో x − 5. మూడోదానిలో −x. అంటే మూడు నిబంధనలు: x ≥ 0, x ≥ 5, x ≤ 0. మూడోదానిలో x రుణాత్మకమో సున్నానో అయితీరాలి! తన పాత సూత్రానికి అది సరిగ్గా వ్యతిరేకమని చూసి నవ్వింది.

'ప్రదేశం' గురించి నా అభిప్రాయం

ఇక్కడ చాలామంది తోటి ఉపాధ్యాయులతో నాకు పేచీ ఉంది. వర్గమూల సమీకరణం కనిపించగానే "ముందు ప్రదేశం కనుక్కోండి" అని నేర్పుతారు. ప్రదేశం అంటే వర్గమూలం గుర్తు లోపలి రాశి రుణాత్మకం కాకుండా ఉంచే x విలువలు. గైడ్లన్నీ అలాగే చేస్తాయి. రెండో లెక్కలో ప్రదేశం x ≥ −7. 9, 2 రెండూ అందులోనే ఉన్నాయి. ఆ రెండు పంక్తులూ రాసి సాధించింది ఏమీ లేదు, పైగా "పరీక్షించాను" అన్న తప్పుడు ధీమా మిగిలింది.

ఒక వైపు ఒకే వర్గమూలం, మరో వైపు మూలం గుర్తు లేని రాశి ఉంటే, ప్రదేశం విడిగా చూడనవసరమే లేదు. వర్గం చేశాక గుర్తు లోపలి రాశి మరో వైపు రాశి వర్గానికి సమానం. వర్గం ఎలాగూ రుణాత్మకం కాదు, కాబట్టి లోపలి రాశి కూడా కాదు. కావలసిన నిబంధన ఒక్కటే, మూలం గుర్తు లేని వైపు సున్నా లేదా అంతకంటే ఎక్కువ కావాలి.

ప్రదేశం పనికొచ్చే చోటు వేరు. √(2x − 7) = √(x − 5) తీసుకోండి. వర్గం చేస్తే x = 2. రెండు వైపులా గుర్తు లోపల −3 వస్తుంది. రెండూ సమానమే, కానీ వాస్తవ సంఖ్యల్లో √(−3) లేదు, కాబట్టి సాధన లేదు. ఇక్కడ కవల గొడవ లేదు, ప్రదేశమే కాపాడింది. ఏ మందు ఏ జబ్బుకో చెప్పకుండా రెండూ మింగమంటే పిల్లలు చివరికి రెండూ మానేస్తారు.

√(2x − 1) + 3 = 0 లాంటివి ఇస్తే కలం కదపకముందే చూడమంటాను. సున్నా కంటే తక్కువ కానిదానికి మూడు కలిపితే సున్నా ఎలా అవుతుంది?

మందు ఎక్కువైంది

కొన్నాళ్లకు కొత్త సమస్య మొదలైంది. ఊహించినదే, అయినా ఇంత త్వరగా వస్తుందనుకోలేదు. √(3x + 1) − √(x − 1) = 2 ఇచ్చాను. ఒక వర్గమూలాన్ని అవతలికి పంపి, √(3x + 1) = 2 + √(x − 1) అని రాసి వర్గం చేసింది. రెండు వర్గమూలాలను ఒకే వైపు ఉంచి వర్గం చేస్తే మధ్యలో వచ్చే పదం భారీగా ఉంటుందని ఆమెకు ముందే తెలుసు. 3x + 1 = 4 + x − 1 + 4√(x − 1), సర్దితే x − 1 = 2√(x − 1). ఇక్కడ రెండు వైపులా √(x − 1)తో భాగించేసి, √(x − 1) = 2, x = 5 అంది.

x = 1 పోయింది. అసలు సమీకరణంలో వేస్తే √4 − √0 = 2, నిక్షేపంగా సరిపోతుంది. సున్నా కాగలిగినదానితో భాగించడం వల్ల మూలం మాయమైంది. వర్గం చేయడం లేనిదాన్ని తెస్తుంది, భాగించడం ఉన్నదాన్ని పోగొడుతుంది. మొదటిదాన్ని సరిచూసి పట్టుకోవచ్చు. రెండోదాన్ని ఏ సరిచూపూ పట్టుకోలేదు, ఎందుకంటే సరిచూడటానికి చేతిలో ఏమీ ఉండదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం. అయినా తరగతి గదుల్లో అదనపు మూలాల గురించి మాట్లాడినంతగా పోయిన మూలాల గురించి ఎవరూ మాట్లాడరు.

భాగించకుండా ఉమ్మడి కారణాంకం బయటికి తీయించాను: √(x − 1)·(√(x − 1) − 2) = 0. ఇప్పుడు 1, 5 రెండూ దొరికాయి. "వీటిలో ఏది కొట్టేయాలి సార్?" అని అడిగింది. ఏదీ అక్కర్లేదు, 5 వేస్తే 4 − 2 = 2. కానీ ఆమె ముఖంలో అనుమానం పోలేదు. అదనపు మూలాలున్న లెక్కలే వరసగా చేయించడంతో, ప్రతి లెక్కలో ఒకటి బలి కావాలన్న కొత్త నమ్మకం తయారవుతోంది. అక్కడి నుంచి లెక్కలను కలగలిపి ఇచ్చాను: రెండూ నిలిచేవి, ఒకటి నిలిచేది, ఏదీ నిలవనిది.

బావి, తుమ్మెదలు, కోతులు

నేర్చుకున్నది వేరే చోట పనిచేస్తుందో లేదో చూడటానికి భౌతికశాస్త్రానికి వెళ్లాం. బావిలోకి రాయి వదిలాం, 3 సెకన్లకు చప్పుడు వినిపించింది, లోతెంత? లోతు h అయితే √(2h/9.8) + h/340 = 3 (మొదటి పదం రాయి పడే సమయం, రెండోది చప్పుడు పైకి వచ్చే సమయం). వర్గం చేసి సాధిస్తే రెండు విలువలు: సుమారు 40.7 మీటర్లు, సుమారు 25.6 కిలోమీటర్లు. రెండూ ధనాత్మకమే! పాత సూత్రం ఉంటే రెండూ జవాబులయ్యేవి. ఆమె రెండోదాన్ని సరైన కారణంతోనే తీసేసింది: 3 − h/340 రుణాత్మకం కాకూడదు, కాబట్టి h విలువ 1020 మీటర్లు దాటదు. రష్యాలోని కోలా దగ్గర సోవియట్ శాస్త్రవేత్తలు తవ్విన బోరు 12,262 మీటర్లకు చేరిందని నేను చెబితే, "మన బావి దానికి రెండింతలకు పైనే" అంది.

తర్వాత పన్నెండో శతాబ్దపు గణితవేత్త భాస్కరాచార్యుని దగ్గరికి వెళ్లాం. మన దేశంలో ఇలాంటి లెక్కలు కొత్తవి కావు. తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు రాసిన, తర్వాత పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చిన గణితసారసంగ్రహంలో మొత్తానికి మూలం, మిగిలినదానికి మూలం అంటూ వీటికి తరగతులే ఉన్నాయి. 1150 నాటి భాస్కరుని లీలావతిలో తుమ్మెదల లెక్క ప్రసిద్ధం: గుంపులో సగానికి వర్గమూలమంత మాలతీ పొద మీదికి వెళ్లాయి, మొత్తంలో తొమ్మిదింట ఎనిమిది వంతులూ వాటి వెంటే పోయాయి, తామరలో చిక్కుకుని ఒకటి రొద చేస్తుంటే బయట దాని జంట బదులు పలుకుతోంది. x = √(x/2) + 8x/9 + 2. వర్గం చేసి సర్దితే 2x² − 153x + 648 = 0, మూలాలు 72, 4.5.

"4.5 కుదరదు, అర తుమ్మెద ఉండదు" అంది. జవాబు ఒప్పు, కారణం మళ్లీ పక్కదారి. "తుమ్మెదలు కాదు, కిలోల బియ్యం అనుకో, అప్పుడు 4.5 ఉంచుతావా?" అన్నాను. మొదటి పంక్తిలో వేసి చూసింది: 1.5 + 4 + 2 = 7.5. సరిపోలేదు. తుమ్మెదలైనా బియ్యమైనా అది పోవాల్సిందే, ఎందుకంటే x/9 − 2 అక్కడ −1.5.

చివరిదీ భాస్కరునిదే, 'బీజగణితం' అనే ఆయన గ్రంథంలోని కోతుల లెక్క. గుంపులో ఐదో వంతులోంచి మూడు తీసేసి వర్గం చేస్తే అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి, ఒకటి కొమ్మ మీద కనిపిస్తోంది. (x/5 − 3)² + 1 = x. మూలాలు 50, 5. ఈసారి 5 సమీకరణంలో సరిపోతుంది: (−2)² + 1 = 5. అయినా భాస్కరుడు దాన్ని వదిలేశాడు. ఐదులో ఐదో వంతు ఒకటి, అందులోంచి మూడు కోతులను తీసేదెలా? ఇక్కడ కొట్టేసింది బీజగణితం కాదు, లెక్కలోని కథ. ఇదే సమీకరణాన్ని √(x − 1) = x/5 − 3 అని రాస్తే అప్పుడు బీజగణితమే 5ను కొట్టేస్తుంది. ఈ తేడాను ఆమె తన మాటల్లో రాసిన పేరా నా దగ్గర ఇప్పటికీ ఉంది. పదో తరగతి పొడవుల లెక్కలకూ ఈ అధ్యాయానికీ మధ్య ఆమె గీసుకోలేకపోయిన గీత అందులో స్పష్టంగా ఉంది.

ప్రస్తుతం

ఇప్పుడు ఆమె కాగితంలో వర్గం చేసే పంక్తికి ముందు నిబంధన రాసి ఉంటుంది. వేగం కొంత తగ్గింది, అది సహజమే. రెండు వర్గమూలాలున్న లెక్కల్లో రెండోసారి వర్గం చేసేటప్పుడు నిబంధన మళ్లీ రాయడం ఇంకా మరిచిపోతోంది. అక్కడ మొదటి పంక్తిలో ప్రతిక్షేపించడమే క్షేమమని చెప్పాను.

నిబంధనా, ప్రతిక్షేపణా ఏది మేలు అని ఈ మధ్య తనే అడిగింది. జవాబుగా √(x² − 6x + 9) = x − 3 ఇచ్చాను. వర్గం చేస్తే రెండు వైపులా ఒకటే, 0 = 0. "అన్ని వాస్తవ సంఖ్యలూ సరిపోతాయి" అని రాసింది. "సరిచూడు" అన్నాను. "అనంతంగా ఉన్నాయి సార్, ఎన్నని వేయను?" అంది. తర్వాత తలెత్తకుండానే పై పంక్తికి వెళ్లి x − 3 ≥ 0 అని చేర్చి, జవాబును x ≥ 3గా దిద్దింది.